పదింటి పంటు మీద చెప్పిన మాట

ఈ సంగతి రాసి పెట్టాలని నేను అనుకోవడానికి మొదటి కారణం మా ఊరే. రాజోలులో మా పెళ్ళి గురించి ఇప్పటికే మూడు నాలుగు కథలు తిరుగుతున్నాయి. బజారులో ఒకటి, సఖినేటిపల్లి రేవులో ఒకటి, మా అక్క వెళ్ళే బ్యూటీ పార్లర్‌లో ఇంకొకటి. ఒక కథలో నేను వ్రతాలు పట్టి మా బావను లాక్కున్నాను. ఇంకో కథలో ఆయనే జాలిపడి నన్ను చేసుకున్నాడు. పార్లర్ కథలో అయితే మురమళ్ళ గుళ్ళో దేవుడి కల్యాణంతో పాటు మా పెళ్ళి కూడా అయిపోయింది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే ఏది నిజమో నాకే మరపు వచ్చేలా ఉంది. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలి.

రెండో కారణం మా శాఖా గ్రంథాలయం. నేను బళ్ళో చదివింది పదో తరగతి వరకే. మిగిలిన చదువంతా ఆ గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల మీద జరిగింది. అక్కడి నవలల బీరువా పై అరనుంచి కింది అరదాకా చదివేశాను. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. ఆ బీరువాలో ప్రేమ నవలలకు లోటు లేదు. విడిపోయినవాళ్ళు మళ్ళీ కలిసిన కథలూ ఉన్నాయి. అయితే వాటిలో రెండోసారి అవకాశం దొరికిన ఆడవాళ్ళందరూ ముప్ఫై లోపు వాళ్ళే. నా వయసు వాళ్ళు ఆ నవలల్లోకి అత్తగారిగా వస్తారు, లేకపోతే కాఫీ పట్టుకొచ్చి గుమ్మం దగ్గర ఆగి మాటలు వింటారు. ఒకరోజు గ్రంథపాలకుడు గారిని అడిగాను, నలభై దాటిన ఆడమనిషి ప్రేమించిన పుస్తకం ఏదైనా ఉందా అని. ఆయన నిజంగానే లేచి బీరువా అంతా వెతికి, చేతులకంటిన దుమ్ము దులుపుకుని, "లేదండీ. మీరే రాసెయ్యండి" అన్నారు. నన్ను వదిలించుకోవడానికి అన్నారేమో తెలియదు. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను.

పేర్లు రాయను. మాది చిన్న ఊరు. రాయకపోయినా అందరికీ తెలుస్తుంది. బయటివాళ్ళకు పేర్లతో పనిలేదు.

బావ అంటే మా మేనమామ కొడుకు. వాళ్ళ ఇల్లు సఖినేటిపల్లి రేవుకు దగ్గర. మావయ్య పంటు మీద సరంగు, అంటే దాన్ని నడిపే మనిషి. పంటు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. రెండు పడవలు జతచేసి, పైన బల్లలు పరిచి, దాని మీద మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనూ, ఆటోలనూ, ఒక్కోసారి లారీనీ ఎక్కించుకుని వశిష్ఠ గోదావరి దాటించి నరసాపురం ఒడ్డున దింపుతారు. మావయ్య తరవాత ఆ పనిలోకి బావ వచ్చాడు. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళి నేను పంటు ఎక్కితే, "సరంగు గారి కోడలొచ్చింది, కాస్త జరగండి" అని చోటు ఇచ్చేవారు. నాకు సిగ్గేసేది కాదు. ఆ చోటు నాదే అనుకునేదాన్ని.

పంటు మీద ఒక పద్ధతి ఉంది. ఇంజను చప్పుడులో మాట వినపడదు కనుక అంతా చేతి సైగలే. తాడు విసరమనడానికి ఒక సైగ, బండి వెనక్కి జరపమనడానికి ఒక సైగ, ఎదర ఇసుక మేట ఉంది, నెమ్మది అనడానికి అరచెయ్యి కిందికి దించడం. మావయ్య ఆ సైగలు ఇంట్లో కూడా వాడేవాడు. అన్నం చాలు అనడానికి కూడా చెయ్యే ఊపేవాడు. బావకూ అదే వచ్చింది. అతను నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడితే మాకు పండగలా ఉండేది.

మా నాన్న పోయాక ఇల్లు నిలబడాలంటే ఎవరో ఒకరు సంపాదించాలి. అక్కకు అప్పటికే పెళ్ళయింది. మా వీధిలో కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకామె వెంట నేనూ వెళ్ళాను, ఒక పెద్ద ఇంట్లో వంటకు, పిల్లల్ని చూసుకోవడానికి. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని మావయ్య ఇంటికి వెళ్ళింది. చిన్నప్పటినుంచీ అనుకుంటున్న సంబంధమే కదా, ముహూర్తం మాట్లాడదామని. మావయ్య అప్పటికే పోయాడు. మాట అంతా అత్తయ్యదే.

అత్తయ్య కోప్పడలేదు. మజ్జిగ ఇచ్చింది. ఇచ్చి, పరాయి దేశంలో పరాయి ఇళ్ళల్లో ఉండి వచ్చిన పిల్లను కోడలిగా తెచ్చుకుంటే రేవులో తలెత్తుకోలేమని మెల్లిగా చెప్పింది. అమ్మ ఏడ్చింది. నేను బావ వైపు చూశాను. అతను అరుగు చివర కూర్చుని కొబ్బరి తాడుకు ముడి వేస్తున్నాడు. నేను లేచి వెళ్ళబోతుంటే అరచెయ్యి కిందికి దించాడు. నెమ్మది అని. ఆ సైగ నేను చూశాను, అత్తయ్య చూడలేదు. నేను అతని నోటివైపు ఇంకాసేపు చూశాను. అది తెరుచుకోలేదు.

నవలల్లో ప్రేమికులు అపార్థాలతో విడిపోతారు. ఎవరో ఎవరినో చూసి తప్పుగా అనుకుంటారు, చివర్లో అది తేలిపోయి కలుస్తారు. మా మధ్య అపార్థం ఏదీ లేదు. అందరికీ అన్నీ సరిగ్గానే అర్థమయ్యాయి. చెప్పాల్సినవాడు చెప్పలేదు, అంతే.

నేను కువైట్ తిరిగి వెళ్ళిపోయాను. బావకు నరసాపురం సంబంధం చేశారు. మంచి మనిషి ఆమె. ఆమె ఉన్నన్నాళ్ళూ సెలవుకు వచ్చినా నేను ఆ రేవు వైపు వెళ్ళలేదు.

కువైట్‌లో నాకు చదువు అబ్బిన తీరు కూడా చెప్పాలి. అమ్మ ఆవకాయ, సున్నుండలు కట్టి పంపేది. సీసాలు పగలకుండా వాటి చుట్టూ పాత వారపత్రికల కాగితాలు చుట్టేది. ఆ కాగితాల నూనె మరకలు తుడిచి, మడతలు సాపు చేసి, వంటింట్లో కూర్చుని చదివేదాన్ని. ఏ సీరియల్‌కూ మొదలుండదు, చివరుండదు. ఒకామె రైలెక్కుతుంది, తరవాతి కాగితం ఇంకో పార్శిల్లో వస్తుంది, అందులో వేరే కథ ఉంటుంది. ఆ రైలు ఎక్కినామె ఎక్కడ దిగిందో నేనే ఊహించుకుంటూ గిన్నెలు కడిగేదాన్ని. అమ్మ పోయాక పార్శిళ్ళు ఆగిపోయాయి. కొన్నాళ్ళకు నేను కూడా ఇక చాలనుకుని వచ్చేశాను. వచ్చిన వారంలోనే గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకున్నాను. రైలు ఎక్కినామె ఇప్పటికీ దొరకలేదు గానీ, వెతుకుతూ మిగతావన్నీ చదివాను.

అక్క ఇంటి వెనక వాటాలో ఉంటూ రాజోలు బస్టాండుకు దగ్గర్లో కర్రీ పాయింట్ పెట్టాను. రెండు కూరలు, ఒక పప్పు, ఒక పచ్చడి, చారు. పొయ్యి దగ్గర ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పుస్తకం. వంకాయ కూర అడుగంటిందంటే నవల బాగుందని రోజూ వచ్చే మా వాడిక వాళ్ళకు తెలుసు.

బావ భార్య జబ్బు చేసి పోయిందని తెలిసినప్పుడు అక్కతో కలిసి పరామర్శకు వెళ్ళి వచ్చాను. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ తరవాత ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం బావ నా కర్రీ పాయింట్ ముందు నిలబడి ఉన్నాడు. చారు ప్యాకెట్ వైపు చెయ్యి చూపించాడు. ఇచ్చాను. వెళ్ళిపోయాడు. వారం తరవాత మళ్ళీ వచ్చాడు. మళ్ళీ చారే. కూర వద్దు, పప్పు వద్దు. వాళ్ళింట్లో అత్తయ్య వంట చేస్తుంది. సఖినేటిపల్లి నుంచి అంత దూరం బండి మీద వచ్చి చారు ఒక్కటే కొనుక్కెళ్ళే మనిషిని అక్క గమనించకుండా ఉంటుందా?

"ఏమే, సఖినేటిపల్లిలో చింతపండు దొరకట్లేదా?" అంది.

నేను ఇంకో ప్యాకెట్‌కు రబ్బరు బ్యాండు వేశాను. ఆ చారు ప్యాకెట్ల సంగతి ఇంతకంటే ఎక్కువ చెప్పను. ప్యాకెట్ అందుకుంటూ ఒక నిమిషం, తరవాత తరవాత పది నిమిషాలు నిలబడేవాడు. నేను చదువుతున్న నవలలో ఏం జరిగిందో చెబితే వినేవాడు. ఒకరోజు, "ఆ పిల్ల ఆ ఇంట్లోంచి వచ్చేసిందా?" అని అడిగాడు. ముందువారం చెప్పిన కథ గుర్తు పెట్టుకున్నాడు. నాకు ఆరోజు చారులో ఉప్పు వేశానో లేదో తెలియలేదు.

ఇక మురమళ్ళ సంగతి. అక్కడ వీరేశ్వరస్వామికి ప్రతిరోజూ కల్యాణం చేస్తారు. పెళ్ళి కావలసినవాళ్ళు ఆ కల్యాణం చేయించి, ముందు కూర్చుని పేరూ గోత్రం చెప్పుకుంటే సంబంధం కుదురుతుందని మా వైపు నమ్మకం. ఎక్కడెక్కడినుంచో వస్తారు కనుక తేదీ చాలా ముందుగా తీసుకోవాలి. మా అక్క తన కూతురి కోసం తీసుకుంది. తేదీ రాకముందే ఆ పిల్లకు అమలాపురం సంబంధం కుదిరిపోయింది, తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు. ఇక ఆ తేదీ ఏం చెయ్యాలి? దేవుడి దగ్గర తీసుకున్న తేదీ ఊరికే పోనివ్వకూడదని అక్క పంతం. పక్కింటివాళ్ళ అబ్బాయికి ఇద్దామంటే వాడు రానన్నాడు.

భోజనాల దగ్గర మా అక్క కూతురు నవ్వుతూ, "పిన్నీ, పోనీ నువ్వు కూర్చో" అంది. అందరూ నవ్వారు. నేను పప్పు కలుపుకుంటూ, "కూర్చుంటాను" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

"ఈ వయసులోనా?" అంది అక్క.

"ఆ స్వామికి రోజూ పెళ్ళి చేస్తున్నారు కదా. ఆయన వయసు ఎవరైనా అడిగేరా అక్కా?"

అక్క కంచం తీసుకుని లేచిపోయింది. నేను మాత్రం ఆ రాత్రి అన్నం కలుపుతూ తేల్చుకున్నది మార్చుకోలేదు. నాకు పెళ్ళి కావాలి. కావాలని చెప్పుకోవడానికి ఒక చోటు దొరికింది. నలుగురి ఎదుట, నా నోటితో, నా పేరూ గోత్రం చెబుతాను.

తరవాత బావ వచ్చినప్పుడు చారు కడుతూ చెప్పాను, శుక్రవారం కర్రీ పాయింట్ తియ్యను, మురమళ్ళ వెళ్తున్నాను, కల్యాణానికి కూర్చుంటున్నాను అని.

"ఎవరి కోసం?" అన్నాడు.

"నా కోసం."

బావ తల ఊపి బండెక్కి వెళ్ళిపోయాడు. చారు ప్యాకెట్ బల్ల మీదే ఉండిపోయింది.

శుక్రవారం గుళ్ళో జనం మామూలుగానే ఉన్నారు. ముందు వరసలో పాతికేళ్ళ పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు. వాళ్ళ మధ్యలో పచ్చచీర కట్టుకుని నేను. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, "పాప ఏదండీ, రాలేదా?" అని అడిగింది. "నేనేనండీ పాపని" అన్నాను. ఆవిడ, "ఆయ్, మంచిదండీ" అని తన బుట్టలోంచి ఒక చామంతి తీసి నా చేతిలో పెట్టింది. నా వంతు రాగానే పేరూ గోత్రం పక్కవాళ్ళకు కూడా వినబడేలా చెప్పాను.

కల్యాణం అయ్యాక ప్రసాదంగా దండ మెడలో వేశారు. వెనక్కి తిరిగేసరికి స్తంభం పక్కన బావ నిలబడి ఉన్నాడు. చేతిలో కొబ్బరికాయ, కొత్త చొక్కా. ఎలా వచ్చాడో, ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. మా అక్క కూతురు ఎగిరి గంతేసి, బాబాయ్ రండి రండి అని లాక్కొచ్చి నా పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. తీసి ఊరుకోకుండా తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. కింద ఏమీ రాయలేదు, దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి పెట్టిందంతే. కానీ మెడలో దండతో నేను, కొబ్బరికాయతో బావ, వెనక కల్యాణ మండపం. మా ఊరికి ఆపైన రాత అక్కర్లేదు.

మర్నాడు కర్రీ పాయింట్ తెరిచేసరికి శుభాకాంక్షలు. బస్టాండు దగ్గర సెల్ రిపేర్ చేసే ఆయన, పెళ్ళి భోజనం ఎగ్గొట్టారు కాబట్టి ఈ పూట కూరతో పాటు పాయసం ఇవ్వాల్సిందే అని కూర్చున్నాడు. జరగలేదండీ, అది దేవుడి పెళ్ళి అని చెబితే, "సరేలెండి, మీ ఇద్దరూ దేవుడికి సాక్షి సంతకం పెట్టడానికి వెళ్ళేరా?" అన్నాడు. ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. రేవులోనూ అంతేనట. పంటు మీద అందరూ బావను ఆట పట్టిస్తుంటే అతను అవునని అనలేదు, కాదని అనలేదు. నవ్వి, చెయ్యి ఊపాడట.

ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. బావ ఫోన్ చెయ్యడమే వింత.

"ఊరంతా అయిపోయిందనే అనుకుంటన్నారు" అన్నాడు. "ఇంక మనం వేరే చెప్పక్కర్లేదేమో. అమ్మకి కూడా తెలిసే ఉంటది."

నాకు ఆ మాట వినగానే అరుగు చివర కొబ్బరి తాడు కళ్ళముందు మెదిలింది. అప్పుడు అత్తయ్య మాట చాటున ఉండిపోయాడు. ఇప్పుడు ఊరి మాట చాటున ఉండిపోదామనుకుంటున్నాడు.

"ఊరు చెప్పింది నాకు లెక్కలేదు బావా" అన్నాను. "నీ నోటితో అత్తయ్యకు చెప్పు. నా ఎదురుగా చెప్పు. అదయ్యాకే మిగతాది. అది కాకపోతే మిగతాది లేదు."

అవతల ఏమీ వినపడలేదు. ఫోన్‌లో కూడా చెయ్యి ఊపుతున్నాడేమో అనుకుని పెట్టేశాను.

తరవాత బావ రాలేదు. ఒక వారం, ఇంకో వారం. చారు మిగిలిపోతోంది. అక్క నా వెనకే తిరిగి పోరింది. ఈ వయసులో దొరికిన అవకాశాన్ని మొండితనంతో పాడు చేసుకుంటున్నావని, ఊరే కలిపేసిందని, ఇక గమ్మున కాపురానికి వెళ్ళిపోతే అత్తయ్య ఏం చెయ్యగలదని. పుస్తకాలు చదివి చదివి ఇలా తయారయ్యావని కూడా అంది. అది నిజమే కావచ్చు. ఆ ఇంట్లోకి ఎవరూ పిలవకుండా, ఒక స్టేటస్ పట్టుకుని వెళ్తే, రేపు అత్తయ్య ఏదైనా అన్నప్పుడు బావ మళ్ళీ తాడుకు ముడే వేస్తాడు. నేను ముందు ముందు బతకాల్సింది ఆ అరుగు మీదే. బావను పోగొట్టుకుంటానేమో అన్న భయం నాకు లేకపోలేదు. ఒకసారి పోగొట్టుకున్నదాన్ని, ఆ బరువెంతో తెలుసు. అయినా ఆ షరతు మీద నుంచి ఒక్క అంగుళం జరగకూడదని ప్రతి పొద్దుటా పొయ్యి వెలిగిస్తూ నాకు నేనే చెప్పుకున్నాను.

అత్తయ్య కూడా ఊరుకోలేదని తెలిసింది. శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చినవాళ్ళతో, "ఫోటోలో పక్కన నిలబడితే పెళ్ళయిపోద్దా? ఆ లెక్కన మా వాడు ఎమ్మెల్యే గారి పక్కన కూడా నిలబడ్డాడు" అందట. ఆ మాట విని నేను పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఈ ఊరు మొత్తంలో నాతో ఏకీభవించిన మనిషి అత్తయ్య ఒక్కతే.

ఒక బుధవారం ఫోన్ మోగింది.

"రేపు పదింటి పంటుకి రా" అన్నాడు బావ. "అమ్మని కళ్ళ డాక్టరు గారి దగ్గరికి నరసాపురం తీసుకెళ్తన్నాను."

మర్నాడు కర్రీ పాయింట్ తియ్యనని అక్కకు చెప్పాను.

మర్నాడు పంటు నిండుగా ఉంది. కొబ్బరి మొక్కలు కట్టుకున్న మోటారు సైకిలు ఒకటి, లేసు మూటలతో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ఆటో, కాలేజీ పిల్లలు. అత్తయ్య బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకు చూసింది. నేను వెళ్ళి దగ్గర్లోనే నిలబడ్డాను. పంటు కదిలింది. గోదావరి నిండుగా, మట్టి రంగులో ఉంది. సగం దూరం వెళ్ళేసరికి బావ చుక్కాని పక్కన ఉన్న రెండో సరంగుకు అప్పగించి లేచి వచ్చాడు. వచ్చి అత్తయ్య ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మరదల్ని పెళ్ళి చేసుకుంటన్నాను."

ఇంజను చప్పుడులో పెదాలు కదలడం కనిపించింది గానీ మాట అత్తయ్యకు చేరలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏంట్రా అని తల ఎగరేసింది. బావ ఒకసారి నా వైపు చూశాడు. అతని చెయ్యి లేచింది. ఏ సైగ చేద్దామని లేచిందో తెలియదు. మళ్ళీ దించేశాడు. ఊపిరి పీల్చుకుని అరిచాడు.

"మరదల్ని చేసుకుంటన్నానమ్మా. ఫోటో చూసి జనం అన్నారని కాదు. నేను చెబుతున్నాను. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

పంటు మీద అందరూ తిరిగి చూశారు. కొబ్బరి మొక్కల ఆయన, "కాస్త సద్దు చెయ్యకండర్రా, సరంగు గారు మాటాడుతున్నారు. నేను ఇన్నేళ్ళుగా దాటుతున్నాను, ఇదే మొదలు" అన్నాడు.

అత్తయ్య నుదురు ముడిచింది. "నేనొప్పుకోను" అని తనూ అరిచింది.

"ఒప్పుకోమని అడగట్లేదమ్మా. చెబుతున్నాను."

"ఇంతమందిలోనా చెప్పేది?"

"ఇంట్లో చెబితే నువ్వు లోపలికి వెళ్ళిపోతావు."

అది నిజం. ఇక్కడ చుట్టూ నీళ్ళు. అత్తయ్య ఒడ్డువైపు చూసింది. ఒడ్డు ఇంకా దూరంగానే ఉంది. అప్పుడు నా మీదికి తిరిగింది.

"నువ్వేం మాటాడవేం? నోట్లో బెల్లం గెడ్డ పెట్టుకున్నావా?"

"నేను చెప్పాల్సింది మురమళ్ళలో చెప్పేనత్తయ్యా" అన్నాను.

అత్తయ్య కొంగు నిండుగా కప్పుకుని నీళ్ళవైపు తిరిగి కూర్చుంది. బావ వెళ్ళి చుక్కాని అందుకున్నాడు. అతని చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. లేసు మూటల ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసింది. నేను నరసాపురం ఒడ్డు వచ్చేదాకా నిలబడే ఉన్నాను. నాకు కావలసిన మాట వచ్చేసింది. అత్తయ్య ఒప్పుకుంటే సంతోషం, ఒప్పుకోకపోతే ఆమెతో రోజూ పోరాడతాను. ఆ పోరాటంలో నేను ఒంటరిని కానని తేలిపోయింది.

పంటు ఒడ్డుకు ఆనింది. దిగే బల్ల తడిగా ఉంది. అందరూ దిగిపోతున్నారు. బావ తాడు కట్టే పనిలో ఉన్నాడు. అత్తయ్య బల్ల దగ్గర ఆగి, కాలు పెట్టబోయి, వెనక్కి తీసుకుని, నా వైపు చూడకుండానే చెయ్యి చాపింది.

"పట్టుకో. జారుతుంది."

పట్టుకున్నాను. కళ్ళ డాక్టరు గారి దగ్గర కూడా వదల్లేదు. అక్కడ బెంచీ మీద కూర్చున్నప్పుడు, గోడమీది బొమ్మలు చూస్తూ అంది:

"నీ చారులో మిరియం ఎక్కువేస్తావు. వాడు తెచ్చినప్పుడల్లా నాకు పొలమారేది."

ఇన్నాళ్ళూ ఆ చారు ఎవరు తాగుతున్నారో నాకు అప్పుడు తెలిసింది. తగ్గిస్తానత్తయ్యా అన్నాను. "ఆయ్" అంది.

మా పెళ్ళి అంతర్వేదిలో, పగటిపూట, కొద్దిమంది మధ్య జరిగింది. అత్తయ్య వచ్చింది. చివరి వరసలో కూర్చుంది. ఒప్పుకున్నానని ఇప్పటిదాకా అనలేదు. పులిహోరలో పసుపు ఎక్కువైందని మాత్రం అంది. నేను ఇప్పుడు రేవు దగ్గర ఇంట్లోనే ఉంటున్నాను, పొద్దున్నే బావ బండి మీద రాజోలు వచ్చి కర్రీ పాయింట్ తెరుస్తున్నాను. చారులో మిరియం తగ్గించాను.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకు నమస్కారం చెప్పుకోవాలి. పేర్లు పెట్టి చెప్పడమే న్యాయం గానీ రాయనని మొదటే అన్నాను కనుక ఎవరిది వాళ్ళు తెలుసుకుందురు గాక. కాగితాలిచ్చి, కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంచిన గ్రంథపాలకుడు గారికి. పోరుతూనే పట్టుచీర కొనిపెట్టిన మా అక్కకు. ఫోటో తీసి ఊరిని తికమక పెట్టిన మా అక్క కూతురికి. మురమళ్ళలో చామంతి ఇచ్చిన పెద్దావిడకు. పంటు మీద అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్న కొబ్బరి మొక్కల ఆయనకు. ఆవకాయ సీసాలకు కథలు చుట్టి పంపిన మా అమ్మకు. ఫోటోలో నిలబడితే పెళ్ళి కాదని మా ఊళ్ళో అందరికంటే ముందు చెప్పిన మా అత్తయ్యకు.

చివరగా మా బావకు. ఈ కాగితాలన్నీ మొదట చదివింది ఆయనే. చదివి, మడిచి, బల్ల మీద పెట్టి, చెయ్యి ఊపాడు. నేను గరిటె పక్కన పెట్టి అలాగే చూస్తూ నిలబడ్డాను.

"బాగుంది" అన్నాడు, వినపడేలా.